రాత్రిళ్లు కాళ్ల గుంజుడు: గోలీ డోసు పెంచే ముందు చూడాల్సినవి

దేవరకొండ దగ్గర ఉండే అమ్మకు 58 ఏళ్లని, రాత్రి పండుకోగానే కాళ్లు గుంజుతాయని, లేచి ఇంట్లో తిరిగితేనే నిమ్మళమని రాశారు. మొదట బి12 సూదులు, తర్వాత క్లోనజెపామ్ అనే నిద్రమందు, ఆ తర్వాత ప్రమిపెక్సోల్ వాడారు. ప్రమిపెక్సోల్ మొదటి వారంలోనే బాగా పనిచేసింది, తర్వాత డోసు 0.25 నుంచి 0.75 మి.గ్రా. దాకా పెరిగింది. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికే గుంజుడు మొదలవుతోంది, చేతుల్లోకి కూడా వచ్చింది. డాక్టరు 1 మి.గ్రా. చేద్దామంటున్నారు, చేయొచ్చా అని మీ ప్రశ్న.

పెంచకండి. అలాగని రేపటి నుంచి ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం.

రాత్రి కాళ్లు గుంజే ఈ జబ్బు పేరు రెస్ట్‌లెస్ లెగ్స్. మందు వాడేకొద్దీ అది ఇలా ముదరడానికి ఆగ్మెంటేషన్ అని పేరు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా వంటి డోపమైన్ (మెదడులో కదలికలను నడిపే రసాయనం) మందులు రెస్ట్‌లెస్ లెగ్స్‌కు మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి, నెలలు సంవత్సరాలు గడిచేకొద్దీ జబ్బునే ముదురుస్తాయి. గుర్తులు నాలుగు: గుంజుడు ముందుకంటే రెండు మూడు గంటలు తొందరగా మొదలవడం, చేతులకో నడుముకో పాకడం, కూర్చున్న ఐదు నిమిషాలకే రావడం, గోలీ పనిచేసే సమయం తగ్గిపోవడం. డోసు పెంచితే రెండు మూడు వారాలు హాయిగా ఉంటుంది, ఆ హాయి చూసి అందరూ సరైన దారిలోనే ఉన్నామనుకుంటారు. ఈ జబ్బులో ప్రమిపెక్సోల్ 0.5 మి.గ్రా. దాటకూడదు, మీ అమ్మ ఇప్పటికే దాటారు. 2025 జనవరిలో వచ్చిన అమెరికన్ నిద్ర వైద్యుల మార్గదర్శకాలు ఈ మందులను మామూలుగా మొదలుపెట్టవద్దనే చెప్పాయి. పదేళ్ల కిందట ఇవే మొదటి వరస మందులు కాబట్టి చాలామంది డాక్టర్ల చేతికి ఇంకా ఇవే అలవాటు. లెవోడోపా గోలీలు రోజూ వాడితే ఈ సమస్య అన్నిటికంటే ఎక్కువ, వాటివైపు మారుస్తామంటే ఒప్పుకోకండి. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు కొత్తగా పేకాట, లాటరీ, అడ్డూ అదుపూ లేని కొనుగోళ్ల పిచ్చి పట్టిందేమో కూడా ఇంట్లోవాళ్లు గమనించాలి. అది మనిషి గుణం మారడం కాదు, మందు ప్రభావం.

ఇప్పుడు మీరు రాసిన మిగతా మందుల పట్టీ చూద్దాం, అసలు సంగతి అక్కడే ఉంది. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ గోలీ రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిపింది. లెవోసల్పిరైడ్ మెదడులో డోపమైన్‌ను అడ్డుకుంటుంది. అంటే రాత్రి ఒక గోలీ తలుపు తీస్తుంటే పొద్దున ఇంకో గోలీ గడియ పెడుతోంది. మన దగ్గర అరుగుదల లేదు, ఛాతీ మంట అనగానే ఇది ఏళ్లకేళ్లు నడుస్తుంది, ఎందుకు మొదలైందో రాసినాయనకు కూడా గుర్తుండదు. దీన్ని ఆపి, అవసరమైతే ఉత్త రాబెప్రజోల్ ఇమ్మని అడగండి. అది కూడా నెలల తరబడి వేసుకుంటే ఆహారంలోని ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది కాబట్టి కొన్ని వారాలకే పరిమితం చేయించండి.

గుంజుడును పెంచే మందులు ఇంకా చాలా ఉన్నాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్. జలుబు గోలీల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, దురదకిచ్చే హైడ్రాక్సిజీన్, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ప్రతి రోగానికీ పడే అవిల్ సూది. నిద్రకోసం ఇచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్. డిప్రెషన్ మందుల్లో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి, మానసిక వ్యాధుల మందుల్లో ఒలాంజపిన్, హలోపెరిడాల్. ఈ చివరి రెండు రకాలను సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి. డిప్రెషన్‌కు బుప్రోపియాన్ వంటి వేరే దారి ఉంది.

తర్వాత ఐరన్. సీబీపీ (మామూలు రక్తపరీక్ష)లో హిమోగ్లోబిన్ 12 ఉంది కాబట్టి రక్తం బాగానే ఉంది అన్నారట. హిమోగ్లోబిన్ బాగున్నా మెదడుకు చేరే ఐరన్ తక్కువగా ఉండొచ్చు, ఈ జబ్బు మూలం అక్కడే. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ సీబీపీలో రాదు. సీరం ఫెరిటిన్, సీరం ఐరన్, టీఐబీసీ, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో) అని విడిగా రాయించాలి. పొద్దున ఏమీ తినకముందు రక్తం ఇవ్వాలి, అంతకు ముందు కనీసం ఒక రోజు ఐరన్ గోలీ వేసుకోకూడదు. జ్వరం, కీళ్లవాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగగా పెరిగి కనపడుతుంది. అప్పుడు సాచురేషన్ అంకెనే నమ్మాలి.

రిపోర్టు మీద ‘నార్మల్’ అన్న మాట చూసి సంచిలో పెట్టేయకండి. చాలా ల్యాబుల్లో ఆడవాళ్లకు ఫెరిటిన్ కింది హద్దు 10, 15 దగ్గర ఉంటుంది. రెస్ట్‌లెస్ లెగ్స్‌కు ఆ హద్దు పనికిరాదు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువున్నా, సాచురేషన్ 20 శాతం లోపున్నా ఐరన్ ఇవ్వాలి. 75 నుంచి 100 మధ్యలో ఉంటే గోలీలతో పెద్దగా ఎక్కదు, ఎక్కించాలంటే సెలైన్ ద్వారానే. 25, 30 అంకె పట్టుకుని ఏళ్లుగా నరాల గోలీలు మింగేవాళ్లు ఉన్నారు.

గోలీలైతే 60 నుంచి 65 మి.గ్రా. ఎలిమెంటల్ ఐరన్ (గోలీలోని అసలు ఐరన్) ఉన్నది, రోజు విడిచి రోజు, పరగడుపున నిమ్మరసం నీళ్లతో. రోజుకు రెండు వేసుకుంటే రెట్టింపు పడుతుందనుకోవద్దు: ఒక గోలీ పడగానే పేగు కొంతసేపు ఐరన్‌ను లోపలికి రానివ్వదు, మిగిలింది మలబద్ధకానికే పనికొస్తుంది. చాయ్, పాలు, కాల్షియం గోలీ దీనికి రెండు గంటల దూరంలో ఉండాలి. మన దిక్కు పొద్దున లేవగానే చాయ్ పడందే పని జరగదు, అందుకే పడుకునే ముందు వేసుకోవడం కొందరికి సులువు. ఫలితం చూడటానికి మూడు నెలలు పట్టొచ్చు.

కడుపు ఓర్వకపోయినా, అంకె మరీ తక్కువున్నా ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ సెలైన్ అడగండి. ఈ జబ్బుకు అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్న ఐరన్ ఇదే. 1000 మి.గ్రా. ఒకేసారి పావుగంటలో ఎక్కిస్తారు, లేదంటే 500 చొప్పున కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు. చౌకగా దొరికే ఐరన్ సుక్రోజ్ ఒక్కోసారి 200 మాత్రమే కాబట్టి చాలాసార్లు తిరగాలి, పైగా కిడ్నీ జబ్బు లేనివాళ్ల గుంజుడుకు దానికి అంత ఆధారం లేదు. ఏదైనా సరే, రియాక్షన్ వస్తే చూసుకునే ఏర్పాటున్న దవాఖానలోనే, ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఆర్ఎంపీ దగ్గర వద్దు. గుణం నాలుగు నుంచి ఆరు వారాల్లో తెలుస్తుంది, రెండు నెలలయ్యాక ఫెరిటిన్ మళ్లీ చేయించాలి. ఎక్కించిన కొన్ని వారాలకు బాగా నీరసం, ఎముకల నొప్పి వస్తే ఫాస్ఫరస్ పడిపోయిందేమో చూపించుకోండి. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఏళ్లుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు ఎముకల నొప్పి ముందే ఉంటుంది, తేడా డాక్టరుకు చెప్పాలి. ఫ్లోరోసిస్ నొప్పి కదిలితే తగ్గదు, పగలూ ఉంటుంది. గుంజుడు కదిలిన క్షణంలో తగ్గుతుంది. షుగర్ నరాల మంట కూడా అంతే, తిరిగినా పోదు.

ఇక అసలు మందు. ఇప్పుడు మొదటి వరసలో ఉన్నవి ప్రీగాబలిన్, గాబాపెంటిన్. ప్రీగాబలిన్ 75 మి.గ్రా.తో మొదలు, 65 దాటినవాళ్లకు 50. గుంజుడు మొదలయ్యే టైముకు గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. వారం పది రోజులకొకసారి పెంచుతూ చాలామందికి 150 నుంచి 300 మధ్యలో కుదురుతుంది. మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, తిమ్మిర్లకు రాసినట్టే పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాస్తారు. పొద్దుటిది పగలంతా మత్తు తప్ప రాత్రికి పెద్దగా ఉపయోగపడదు. రెండో పొరపాటు ఇంకా పెద్దది: పేరు చివర ‘ఎన్‌టీ’ ఉన్న స్ట్రిప్. అందులో ప్రీగాబలిన్‌తో పాటు నార్‌ట్రిప్టిలిన్ కలిసి ఉంటుంది. అది అమిట్రిప్టిలిన్ కుటుంబం, గుంజుడును పెంచగలదు. మెడికల్ షాపులో అడిగింది లేదని ఎన్‌టీ ఇస్తే తిరిగిచ్చేయండి. మిథైల్‌కోబాలమిన్ కలిపిందైతే నష్టం లేదు, బి12 తక్కువ లేనివాళ్లకు లాభమూ లేదు.

గాబాపెంటిన్ ఎంచుకుంటే 300తో మొదలు, పెద్దవాళ్లకు 100. ఒకేసారి 600 మించి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది, అందుకే పెద్ద డోసును సాయంత్రం కొంత, పడుకునేటప్పుడు కొంతగా విడగొట్టాలి. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్ దీన్ని పట్టేస్తుంది, మధ్యలో రెండు గంటలు ఉండాలి. రెండిట్లో ఏదైనా మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) చూడాలి. నొప్పి గోలీలు ఏళ్లుగా మింగినవాళ్ల కిడ్నీలు సగమే పనిచేస్తుంటే డోసు కూడా సగం చేయాలి, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు లెక్కే వేరు. తల తిరగడం, కాళ్ల వాపు, బరువు పెరగడం రావచ్చు. రాత్రి బాత్రూం బయట ఉన్న ఇళ్లలో లైటు, పట్టుకునే గోడ చూసుకోండి.

కల్లు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో దుకాణం కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్ కలిపిన కేసులు కొత్తేమీ కాదు. దాని మీద ప్రీగాబలిన్, క్లోనజెపామ్ పడితే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో ఎవరికి అలవాటున్నా డాక్టరుకు చెప్పండి. ఒక్కసారిగా మానిపించినా ఫిట్స్ రావచ్చు, అదీ డాక్టరు చూపులోనే.

ప్రమిపెక్సోల్ దించడం ఇలా ఉంటుంది. ముందు లెవోసల్పిరైడ్ ఆపాలి, ఐరన్ మొదలవ్వాలి, ప్రీగాబలిన్ పనిచేసే డోసుకు చేరాలి. ఆ తర్వాత ప్రమిపెక్సోల్‌ను వారానికో రెండు వారాలకో 0.125 చొప్పున తగ్గిస్తారు. ఆఖరి మెట్టు దిగినప్పుడు కొన్ని రాత్రులు ఘోరంగా ఉంటాయి, నిద్రే పట్టకపోవచ్చు. ఇది ముందే తెలియకపోతే మూడో రాత్రే మళ్లీ పాత గోలీ మింగేస్తారు. నాట్ల రోజులు, పెళ్లిళ్లు లేని రెండు వారాలు చూసుకుని, ఇంట్లో ఒకరు తోడుండేలా మొదలుపెట్టండి. క్లోనజెపామ్ కూడా రోజూ వాడుతున్నట్టయితే దాన్ని తర్వాత, విడిగా, మెల్లగా. అది నిద్రపుచ్చుతుందే తప్ప గుంజుడును ఆపదు.

ఇవన్నీ చేసినా లొంగకపోతే తక్కువ డోసు ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) మందులు ఉన్నాయి, కానీ అవి అనుభవం ఉన్న న్యూరాలజిస్టు చేతిలోనే. పరీక్షలు, ఐరన్ వరకు నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీ చాలు. డోపమైన్ మందు దించడానికి మాత్రం హైదరాబాద్‌లో నిమ్స్ న్యూరాలజీ వంటి చోటికి ఒకసారి వెళ్లడం మంచిది.

వెళ్లేటప్పుడు గోలీల ఖాళీ స్ట్రిప్పులన్నీ, గ్యాస్ గోలీలతో సహా, ఒక కవరులో పెట్టుకోండి. ఒక కాగితం మీద నాలుగే లైన్లు రాయండి: గుంజుడు ఎన్నింటికి మొదలవుతోంది, ఏ అవయవాలకు పాకింది, ప్రమిపెక్సోల్ ఏ నెలలో ఎంత డోసు, ఫెరిటిన్ అంకె. ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు, ఆ కాగితం ఇస్తే మొదటి నిమిషంలోనే ఆగ్మెంటేషన్ అన్నది డాక్టరుకు కనపడుతుంది. అమ్మకు ఎప్పుడైనా ఆపరేషన్ పడితే, వాంతికి మెటోక్లోప్రమైడ్ కాకుండా ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వమని అదే కాగితం వెనక రాసి కేస్ షీటుకు జత చేయించండి.