ఫోన్లో ‘వీడియో తీసెయ్’ అంటే తీసెయ్యాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. ఫోన్‌తోనే తెలుగులో చిన్న యూట్యూబ్ చానెల్ నడుపుతున్నాను. మా వీధిలో కొత్తగా కట్టిన కాలువ గోడను కర్రతో గీరితే ఇసుక రాలుతోంది. అది వీడియో తీసి చానెల్లో పెట్టాను. మర్నాడే స్టేషన్ నుంచి ఫోన్: ‘పంచాయతీ పరువు తీశావు, వీడియో తీసెయ్, లేదంటే కేసు’ అని. వెళ్తే ఒడియాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నాకు ఒడియా చదవడం రాదు. రేపు ఆలోచించి వస్తానని వచ్చేశాను. ప్రెస్ కార్డు కూడా లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: సంతకం పెట్టకుండా వచ్చారు, మంచి పని చేశారు. టెన్షన్ పడకండి. ప్రెస్ కార్డు ఊసే అక్కర్లేదు. మన రాజ్యాంగంలో పత్రికలకంటూ వేరే హక్కు రాసి లేదు. 19(1)(ఎ) కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛే పత్రికలకూ ఆధారం. పెద్ద చానెల్ ఎడిటర్‌కి ఎంత ఉందో మీకూ అంతే ఉంది.

దానికి 19(2)లో హద్దులున్నాయి, నిజమే. కానీ ఆ హద్దు చట్టం పెట్టాలి. ఫోన్లో చెప్పిన నోటిమాట చట్టం కాదు. ఐటీ చట్టం 69ఎ కింద వీడియో బ్లాక్ చెయ్యాలన్నా దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలుండాలి, అవి రాతలో ఉండాలి. కాలువలో ఇసుక రాలడం అందులోకి రాదు. ఎవరైనా అదే చట్టంలోని 66ఎ (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష వేసే సెక్షన్) పేరెత్తితే, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసిందని చెప్పండి.

ఇక పంచాయతీ పరువు. ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ తన పరువు పోయిందంటూ నష్టపరిహారం దావా వెయ్యడానికి వీల్లేదని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే కాంట్రాక్టరో ఇంజనీరో సొంతంగా వెయ్యొచ్చు. క్రిమినల్ పరువునష్టానికి (భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 356) కూడా బాధితుడే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు పెట్టుకోవాలి, పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టే కేసు కాదది. కాబట్టి మీ వీడియో మీరే మళ్లీ వినండి. ‘గీరితే ఇసుక రాలుతోంది’ అనడం కంటికి కనబడే నిజం. ‘ఫలానా ఆయన డబ్బు తినేశాడు’ అని పేరు పెట్టి అని ఉంటే, చేతిలో కాగితం లేనిదే అది నిలబడదు. ఆ ముక్క మాత్రం కత్తిరించండి. సమాచార హక్కు కింద పని ఎస్టిమేటు, కొలతల పుస్తకం నకళ్లు అడగండి. అవి వచ్చాక గట్టిగా మాట్లాడొచ్చు.

మళ్లీ పిలిస్తే రాతపూర్వకంగా నోటీసు అడగండి. నిందితుడైతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35(3), సాక్షి అయితే 179 కింద ఇవ్వాలి. నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని సెక్షన్ 181 చెబుతోంది. చదవలేని కాగితం మీద అసలే పెట్టొద్దు. గిడుగు రామమూర్తి గారు జనం తెలుగు కోసం పోరాడిన ఊరి పక్కన ఒక తెలుగువాడికి ఈ ఇబ్బంది రావడం నాకు బాధగా ఉంది. జరిగిందంతా తేదీ, టైముతో రాసి ఎస్పీ గారికి ఇవ్వండి. తెలుగుతో పాటు ఒడియా ప్రతి కూడా జతచేస్తే పని త్వరగా కదులుతుంది. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల నంబరు 15100.

ఒక్క పని ఇవాళే చెయ్యండి. వాళ్లు పైన సిమెంటు పూసేలోపు, ఇద్దరు ఊరివాళ్లను పక్కన నిలబెట్టుకుని, గోడకు స్కేలు ఆనించి మళ్లీ వీడియో తీయండి. అసలు ఫైలు ఫోన్లోంచి చెరపకండి.