యూదు విద్యార్థుల బృందంతో సేంద్రియ పొలంలో వారం రోజుల సేవకు మనవాళ్ళు వెళ్ళవచ్చా?

అమెరికాలో మీరు చదువుతున్న విశ్వవిద్యాలయంలోని యూదు విద్యార్థి సంఘం మార్చి సెలవుల్లో ఒక సేంద్రియ పొలానికి సేవాయాత్ర వేస్తోందనీ, మీ గదిలో ఉండే మిత్రుడు మిమ్మల్నీ రమ్మంటున్నాడనీ రాశారు. యూదులు కానివారు వెళ్తే ఇబ్బందా, అక్కడ ఏం పని చేయిస్తారు, శాకాహారికి తిండి సంగతి ఏమిటి అని అడిగారు. నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో సరిగ్గా ఇలాగే మిత్రుడి వెంట మేరీలాండ్‌లోని ఒక పొలానికి వెళ్ళి వచ్చాను కనుక ఆ అనుభవం మేరకు చెబుతున్నాను. నిస్సందేహంగా వెళ్ళండి.

ఇటువంటి యాత్రలను ఎక్కువగా నడిపేది హిల్లెల్ అనే యూదు విద్యార్థుల సంస్థ. 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సంస్థకు ఇప్పుడు వందలాది ప్రాంగణాల్లో శాఖలున్నాయి. మా బృందంలో పదిహేను మంది ఉంటే ముగ్గురం యూదులం కాము. మమ్మల్ని ఎవరూ వేరుగా చూడలేదు, మతం మార్చుకోమని ఒక్క మాట కూడా అనలేదు. యూదులకూ వ్యవసాయానికీ ఏమిటి సంబంధం అని నాకూ మొదట అనిపించింది. రష్యాలో తమపై జరిగిన దాడులకు తట్టుకోలేక వచ్చిన యూదు కుటుంబాలు 1882లోనే న్యూజెర్సీ దక్షిణాన అలయన్స్ అనే చోట అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టాయని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. హీబ్రూలో నేలను ‘అదామా’ అంటారు, మనిషిని ‘ఆదామ్’ అంటారు. ఆ మాట పేరుతోనే కాలిఫోర్నియాలోని బెర్కిలీలో అర్బన్ అదామా అనే పొలం నడుస్తోంది.

ఇక పని. మాది తెనాలి దగ్గర పల్లె, వరి కోతకు ముందే చేలో మినుము చల్లే నేల. పొలం పని నాకొకరు నేర్పాలా అనే ధీమాతో వెళ్ళాను. రెండో రోజు ఉదయం ఎండుగడ్డి పరిచిన ఒక మడిలో కలుపు తీయమన్నారు. అరగంటలో సగం బోదె శుభ్రంగా పీకి, వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయేసరికి, పక్క వరుసలో ఉన్న ఫిలడెల్ఫియా అమ్మాయి ఒక మొక్కను వాసన చూడమని ఇచ్చింది. నేను పీకింది గడ్డి కాదు, అక్టోబరులో నాటి, మంచు కింద చలికాలమంతా కాపాడుకున్న వెల్లుల్లి. పొలం చూసుకునే ఆవిడ కోప్పడలేదు. పీకినవన్నీ ఏరి, పచ్చి వెల్లుల్లిగా వంటింటికి పంపించి, నన్ను ఎరువు కుప్ప తిరగేసే పనికి మార్చింది.

ఆ మార్పు నాకు మేలే చేసింది. సేంద్రియమంటే పెంట తోలి, మందు కొట్టకపోవడమే అనుకునేవాణ్ణి. అమెరికా ప్రభుత్వ ధ్రువీకరణ కావాలంటే నిషిద్ధ రసాయనాలు వాడి కనీసం మూడేళ్ళు గడిచిన నేలలోనే పంట కోయాలి. పచ్చి పెంట వేస్తే, మట్టికి తగిలే ఆకుకూరల వంటివాటిని 120 రోజుల తరువాత గాని కోయరాదు. అదే వరుసలుగా పోసిన కుప్పలో 55 డిగ్రీలకు తగ్గని వేడిని పదిహేను రోజులు నిలిపి, ఆ వ్యవధిలో కనీసం ఐదుసార్లు తిరగేస్తే, ఆ గడువు అక్కరలేదు. మా చేత తిరగేయించింది ఆ లెక్క కోసమే. చేయంత పొడవున్న థర్మామీటరు కుప్పలో గుచ్చి, అంకె చూసి, పుస్తకంలో రాసేవారు. మార్చి చలిలో ఆ కుప్ప నుంచి వచ్చే ఆవిరికి చేతులు కాచుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

ఆ వారమంతటిలో నాకు బాగా పట్టిన విషయం పరిగె. కోత తరువాత రాలిన వెన్నులు ఏరుకోవడానికి మన ఊళ్ళలో పేదలు వచ్చేవారు కదా, అదే పరిగె. తెలుగు బైబిలులో రూతు పొలంలో ఏరుకున్నదానికి కూడా అదే మాట వాడారు. అయితే మా తాతగారి పొలంలో అది రైతు దయ. ఇష్టం లేని రోజున అదిలించేవారు. బైబిలులోని లేవీయకాండంలో అది పేదవాడి హక్కు. పొలం అంచును కోయకుండా వదలాలి. యూదుల ధర్మశాస్త్రమైన మిష్నా ప్రకారం ఆ వాటా అరవయ్యో వంతుకు తగ్గకూడదు. కోస్తుండగా చేజారిన వెన్నులు ఒకటో రెండో అయితే పేదవాడివి, మూడు కలిసి పడితే యజమానివి. ఆ అంచును ఏ పేదవాడు కోసుకోవాలో ఎంచే అధికారం కూడా యజమానికి లేదు. ఈ నియమాలు ప్రధానంగా ఇశ్రాయేలు నేలకు చెప్పినవి; మేము పనిచేసిన పొలం మాత్రం ఇష్టపూర్వకంగానే ఒక మూలను పేదలకు తిండి సరుకులు పంచే ఆహార బ్యాంకుకు వదిలింది. సాయంత్రం దీని మీద జరిగిన చర్చలో నేను పరిగె గురించి చెప్పాను. దయకూ హక్కుకూ ఉన్న తేడా మీద వాళ్ళు భోజనం గంట కొట్టేదాకా వాదించుకున్నారు. వాదన వాళ్ళకు మర్యాదలో భాగమని గమనించండి, గొడవనుకుని కంగారు పడకండి.

తిండి విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. కోషర్ వంటింట్లో, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే వంటింట్లో, మాంసం, పాలు కలవవు, గిన్నెలు కూడా వేరే. మాకు వారమంతా పాల వంటిల్లే. కానీ మాంసం లేదంటే శాకాహారమని కాదు: చేప, గుడ్డు అక్కడ మాంసం కింద లెక్కకు రావు, కాబట్టి అడిగి తినండి. పురుగు మాత్రం నిషిద్ధం. మందు కొట్టని ఆకు అన్నాక పేనుబంక తప్పదు కదా, అందుకని పాలీహౌస్‌లో కోసిన కేల్ ఆకును ఉప్పునీళ్ళలో నానబెట్టి, కడిగి, లోపల దీపం వెలిగే ఒక పలక మీద ఒక్కొక్కటే పరిచి, ఆ వంటింటి పర్యవేక్షకుడు తిరగేసి చూసేవాడు. మా అమ్మ చేటలో గోంగూర ఏరే తీరుకు ఇది ఏమాత్రం తీసిపోదు. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మాత్రం భోజనశాల గుమ్మం దాటలేదు, బయటి వంట లోపలికి రానివ్వరు. మీరూ తీసుకువెళితే గదిలోనే ఉంచుకోండి.

శనివారం యూదులకు విశ్రాంతి దినం కనుక శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే పని ఆగిపోతుంది, శనివారం చీకటి పడి చుక్కలు కనిపించేదాకా మళ్ళీ మొదలవదు. మేకలకు మేత వేయడం మాత్రం ఆగదు. ఆ సమయంలో నలుగురి మధ్య ఫోను తీయకుండా ఉంటే చాలు.

ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. మేము పదిహేను మందిమి వారంలో చేసిన పనిని అలవాటైన నలుగురు కూలీలు రెండు మూడు రోజుల్లో చేసేవారని నా అంచనా. పొలాన్ని ఉద్ధరించడానికి వెళ్తున్నానని మాత్రం అనుకోకండి.

మీది ఎఫ్-1 విద్యార్థి వీసా అయితే, డబ్బు కట్టడానికి ముందే మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఉత్తరం రాసి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. లాభాపేక్ష లేని సంస్థలో ఊరికే చేసే సేవకు సాధారణంగా అభ్యంతరం ఉండదు గాని, జీతమిచ్చి చేయించే పనిని బసకో భోజనానికో బదులుగా చేస్తే చిక్కులు రావచ్చు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కోండి. నేను క్రీడాబూట్లతో వెళ్ళి మొదటి రోజే వాటిని బురదకు సమర్పించుకున్నాను.