పాత పికప్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ పడటం లేదు, తప్పు వైరింగ్‌దా వాక్యూమ్ లైన్లదా?

లివర్ ఫోర్-హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరులో) వేసినా ముందు చక్రాలు లాగడం లేదు, డాష్‌బోర్డులో లైటు రావడం లేదు, అందరూ కొత్త యాక్చువేటర్ (వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే బలంతో, కేబుల్ లాగి ముందు ఇరుసును కలిపే డబ్బా) వేయమంటున్నారు, వేయాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. ఆ సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరు కూడా బండి కింద పడుకుని చూసి ఉండరు.

నా పాత పికప్‌లో యాక్చువేటర్ బ్యాటరీ ట్రే కింద ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రంట్ యాక్సిల్‌కి ఒక కేబుల్, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మీద ఒక వాక్యూమ్ స్విచ్. ఒకసారి వానకు జారుతున్న మట్టి వాలు మీద లివర్ వేశాను. కింద గేరు పడిన చప్పుడైతే వినిపించింది కానీ లైటు రాలేదు, వెనక చక్రాలు బురద చిమ్ముతూ ఉన్నచోటే తిరుగుతున్నాయి. పక్క సీట్లో ఉన్న మా బావది ఒకటే పాట: "బామ్మర్దీ, యాక్చువేటర్ పోయింది, మార్చెయ్."

నాకు అనుమానం వచ్చింది మాత్రం ఏసీ మీద. నాబ్ ఎటు తిప్పినా గాలి ముందు అద్దం మీదకే పోతోంది, ముఖానికి రావడం లేదు. ఏసీ తలుపులు వాక్యూమ్‌తో తిరిగే బండ్లలో, ఆ వాక్యూమ్ పోతే గాలి దానంతటదే అద్దం వైపు మళ్లేలా కడతారు, డ్రైవర్‌కి దారి కనబడాలని. అంటే లీకు రెండింటికీ కలిసిన చోట ఎక్కడో ఉందన్నమాట.

ఎలాగో బయటపడి, బండి చల్లారాక ట్రాన్స్‌ఫర్ కేసు స్విచ్ నుంచి గొట్టాలు ఊడదీస్తే ఎర్రటి ఆయిల్ కారింది. బావ ఇంకేం మాట్లాడలేదు. ఆ స్విచ్ లోపల సీల్ పోతే, ఇంజిన్ వాక్యూమ్ ట్రాన్స్‌ఫర్ కేసులోని ఏటీఎఫ్‌ని (ఆ ఎర్రటి గేర్ ఆయిల్‌ని) పీల్చి గొట్టాల్లోకి లాగుతుంది. అది మెల్లగా యాక్చువేటర్ లోపలి రబ్బరు పొరని (డయాఫ్రమ్‌ని) పాడుచేస్తుంది, ఏసీ కంట్రోల్స్ దాకా కూడా పాకుతుంది. స్విచ్ అలాగే ఉంచి కొత్త యాక్చువేటర్ వేస్తే దానికీ అదే గతి. నా యాక్చువేటర్‌కి చేతి వాక్యూమ్ పంపు తగిలించి 15 అంగుళాల (వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) దాకా లాగితే ముల్లు కదలకుండా నిలబడింది. దానికేం కాలేదు! స్విచ్ మార్చి, గొట్టాలు కొత్తవి వేస్తే సరిపోయింది.

కాబట్టి ఆ పంపు ఒకటి కొనుక్కోండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాల వాక్యూమ్ ఇవ్వాలి. డీజిల్ అయితే వాక్యూమ్ కోసం బండిలోనే వేరే పంపు ఉంటుంది, ముందు అది పనిచేస్తోందో లేదో చూడండి. అక్కడి నుంచి ఒక్కో గొట్టం పట్టుకుని ముందుకు వెళ్లడమే. పాత ప్లాస్టిక్ గొట్టం వేడికి పెళుసుబారి ముట్టుకుంటే విరుగుతుంది, చివర్లలో రబ్బరు చీలిపోతుంది. దాని మీద టేపు చుట్టి సరిపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అన్నట్టు, 2004 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వాక్యూమ్ ముందు హబ్‌లను (చక్రాన్ని ఇరుసుకు కలిపే భాగాలను) విడదీసి ఉంచుతుంది. లీకైతే టూ వీల్‌లో ఉన్నా అవి సగం సగం పట్టుకుని గరగరమంటాయి.

ఇక వైరింగ్. ముందు చక్రాలు లాగడం మొదలుపెట్టాక కూడా నా బండిలో లైటు రాలేదు. పాత ఓనరు ట్రెయిలర్ లైట్ల కోసం ఆ వైర్ల కట్టలోనే, తోలు కోసి పట్టుకునే క్లిప్పులు వరసగా కరిపించాడు. వాటిని కనిపెట్టినవాడిని నేను క్షమించను. తెగిన తోలులోంచి నీళ్లు దిగి రాగి పచ్చగా పుచ్చిపోతుంది. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది, ఎందుకంటే దానికి ఒక్క పోగు మిగిలినా చాలు. బల్బు వెలగాలంటే కరెంటు బాగా పారాలి కాబట్టి, బల్బున్న టెస్ట్ ల్యాంప్ పెడితే అసలు రంగు బయటపడుతుంది. పుచ్చిన ముక్క మొత్తం కత్తిరించి, కొత్త వైరు క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి.

ఎర్త్ కూడా వదలొద్దు. హెడ్‌లైట్లు వేసి, వాటి ఎర్త్ బోల్టుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటితే బోల్టు విప్పి, కింద తుప్పూ రంగూ మెరిసేదాకా గీకండి. ఫ్యూజ్ ఊరికే పోతోందని 10 ఆంపియర్ల చోట 30 పెట్టే మహానుభావులు కూడా ఉన్నారు. అప్పుడు ఫ్యూజ్ బతుకుతుంది, వైరు కాలుతుంది. మీ ఫ్యూజ్ బాక్సులో అలాంటిదేమైనా ఉందేమో ఈరోజే చూడండి.

అంతా అయ్యాక పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌ని (లివర్ వేస్తే రెండు ఇరుసులనూ గట్టిగా కలిపేసే రకాన్ని) ఆరిన తారు రోడ్డు మీద మలుపులు తిప్పుతూ పరీక్షించొద్దు. మలుపులో ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరు వేగాలతో తిరగాలి. అక్కడ చక్రం జారే వీల్లేక మొత్తం బిగుసుకుంటుంది. కంకర మీదో మట్టి మీదో చూసుకోండి.