డచ్ క్రియ ‘ఖాన్’ వాడుక

ప్రశ్న: మా వారి ఉద్యోగరీత్యా త్వరలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వెళ్తున్నందువల్ల డచ్ నేర్చుకుంటున్నాను. ‘వెళ్ళు’ అనే అర్థమున్న ‘ఖాన్’ క్రియ దగ్గర చిక్కుపడ్డాను. ‘నువ్వు వెళ్తావు’కు ‘యెయ్ ఖాత్’ అన్న పుస్తకమే ప్రశ్నలో ‘ఖా యె’ అంటోంది, అది అచ్చుతప్పా? ‘ఇక్ ఖింగ్’, ‘ఇక్ బెన్ ఖెఖాన్’ రెండింటికీ ‘వెళ్ళాను’ అనే ఉంది. ఏది ఎప్పుడు వాడాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అచ్చుతప్పు కాదు. వర్తమానంలో ‘నేను’కు ‘ఖా’, ఏకవచనంలో మిగిలిన కర్తలకు ‘ఖాత్’, ‘మేము, మీరంతా, వాళ్ళు’ అనే బహువచనానికి ‘ఖాన్’ వస్తాయి. అయితే ‘నువ్వు’ అనే కర్త క్రియకు వెనక చేరినప్పుడు చివరి ‘త్’ పోతుంది. ఇది ప్రశ్నలకే పరిమితం కాదు. డచ్ ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానాన్ని వదలదు గనుక, ‘రేపు’ అని మొదలుపెడితే కర్త వెనక్కి జరిగి ‘మోర్ఖెన్ ఖా యె నార్ హౌస్’ (రేపు నువ్వు ఇంటికి వెళ్తావు) అవుతుంది. గౌరవంగా పిలిచే ‘యూ’కు మాత్రం ‘ఖాత్ యూ’ అనే అనాలి.

ఇక భూతకాలం. జరిగి ముగిసిన ఒక పనిని మాటల్లో చెప్పేటప్పుడు డచ్ వారు ఎక్కువగా ‘ఇక్ బెన్ నార్ హౌస్ ఖెఖాన్’ (ఇంటికి వెళ్ళాను) అంటారు. కథ చెబుతున్నా, మన ‘రోజూ బడికి వెళ్ళేదాన్ని’ వంటి అలవాటును చెబుతున్నా ‘ఖింగ్’ సహజం: ‘ఇక్ ఖింగ్ ఎల్కె దాఖ్ నార్ స్ఖోల్’. బహువచనంలో అది ‘ఖింగెన్’. ఇంగ్లీషు అలవాటున్నవారు ‘ఖెఖాన్’ ముందు ‘బెన్’కు బదులు ఇంగ్లీషు ‘హావ్’కు సమానమైన ‘హెప్’ పెడుతుంటారు, అది తప్పు.

అసలు కష్టం రూపాల్లో కాదు, వాడుకలో ఉంది. పొరుగింటావిడ ‘ఖా యె మే?’ అంటే మన ‘నాతో వస్తావా?’ అని, మనకు రావడమైనది అక్కడ వెళ్ళడమే. ‘డె తెలెఫోన్ ఖాత్’ అంటే ఫోను మోగుతోందని, ‘దాత్ ఖాత్ నీత్’ అంటే అది కుదరదని అర్థం. ‘ఇక్ ఖా కోకెన్’ అంటే వంట చేయబోతున్నాను. ఆ రెండు క్రియల మధ్య ఇంగ్లీషు ‘టు’ వంటి ‘తె’ చేర్చకూడదు.

‘ఖ’ అని రాసినా అది మన ఖకారం కాదు, గొంతు గీరినట్టు వచ్చే ధ్వని. ఐండ్‌హోవెన్ ఉన్న బ్రబాంత్ ప్రాంతంలో దాన్ని మెత్తగా పలుకుతారు కాబట్టి, మీ పాఠాల రికార్డింగుల్లో వినిపించే గరుకుదనం అక్కడ అంతగా వినిపించకపోవచ్చు.