మీ అమ్మ మరుపు గురించి

అమ్మడూ,

"అమ్మ ఒకటే మాట నాలుగుసార్లు అడుగుతోంది పెద్దమ్మా, వయసు కదా" అన్నావు ఫోన్‌లో. ఆ చివరి మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మా అత్తగారి విషయంలో మేమూ అదే అనుకుని రెండేళ్లు పోగొట్టుకున్నాం.

కళ్లజోడు ఎక్కడ పెట్టానో నేనూ వెతుక్కుంటాను. పేర్లు కాసేపు ఆగి గుర్తొస్తాయి. వాటికి టెన్షన్ పడకు. చేతికి అలవాటైన పనులు మీ అమ్మ ఎలా చేస్తోందో చూడు. పనసపొట్టు కూర దించి, చల్లారాకే ఆవ కలపాలని నాకు నేర్పింది మా అత్తగారే. ఒక వేసవిలో ఆవిడే పొయ్యి మీద ఉండగా ఆవ వేసేశారు. కూర చేదెక్కితే, ఎందుకో తెలియక నాకేసి చూశారు. ఆ చూపు నాకిప్పటికీ కళ్లల్లోనే ఉంది. తర్వాత కొన్నాళ్లకి గంటస్తంభం నుంచి వస్తూ, నలభై ఏళ్లు నడిచిన దారిలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయారు. ఎండదెబ్బ అనుకున్నాం. పింఛను డబ్బు బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి తీసిందన్నప్పుడు నేను కసురుకున్నాను కూడా. అది డిమెన్షియా అనే మతిమరుపు జబ్బని తెలిసి ఉంటే నోరెత్తేదాన్నా?

చిన్నప్పటి సిరిమాను సంబరం పూసగుచ్చినట్టు చెప్పేవారు, పొద్దున్న తిన్న టిఫిన్ గుర్తుండేది కాదు. ఈ జబ్బులో చాలామందికి ముందు పోయేది కొత్త జ్ఞాపకాలే. అందుకే గంటసేపు కూర్చుని వెళ్లే చుట్టాలు "బాగానే ఉన్నారే" అంటారు. రోజూ చూసేది నువ్వు, నీ అనుమానాన్నే నమ్ము.

ఏం జరిగిందో తేదీ వేసి ఒక పుస్తకంలో రాసిపెట్టు. డాక్టరుకి అది ముందే ఇవ్వు, అమ్మ ఎదురుగా చదవకు. ఆమె వేసుకునే మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, సంచిలో పట్టుకెళ్లు. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 లోపించినా, మనసులో దిగులున్నా ఇలాగే మరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. మీ నాన్న పోయాక మీ అమ్మ దిగులు మనకి తెలియనిదా? సరిగ్గా వినపడకపోయినా అడిగిందే అడుగుతారు, చెవి పరీక్ష కూడా చేయించు. ఒకవేళ రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా తికమక పడినా, తికమకతో పాటు జ్వరం వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"నేనెవరో చెప్పు" అని మాత్రం పరీక్షలు పెట్టకు. పిల్లల్నీ పెట్టనివ్వకు.

ఆదివారం నేను వస్తున్నాను. సోమవారం ఇద్దరం కలిసి బీపీ, షుగరు చూపించుకుందామనే వంకతో డాక్టరు దగ్గరికి రమ్మని మీ అమ్మని నేనే అడుగుతాను. అక్క పిలిస్తే కాదనదు.

మీ పెద్దమ్మ
విజయనగరం