వగరు అనే మాట మనకు ఉండగా

మిత్రమా,

స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీ, లాగవూలిన్ పన్నెండేళ్ల సింగిల్ మాల్ట్ 2020 ప్రత్యేక విడుదలను రుచి చూసి మీరు రాసిన వ్యాసం అందింది. సగం చదివి పక్కన పెట్టబోయాను. పెట్టె మీది బొమ్మ, సీసా ధర, అది దొరకడానికి మీరు పడిన తిప్పలు, వీటితోనే రెండు పుటలు నిండిపోయాయి. తరువాత హెదర్ పూల పరిమళం వచ్చింది, క్రిస్మస్ కేకు వచ్చింది, ముగింపుగా ‘డ్రై ఫినిష్’ వచ్చింది. అయితే చివరి పుట అడుగున, కుండలీకరణాలలో, క్షమాపణ కోరుతున్నట్టుగా ఒక్క వాక్యం రాశారు: మర్నాడు పొద్దున కడగని గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే, కందుకూరు దగ్గర మీ తాతగారు పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, తలుపు తీసినప్పటి వాసన వచ్చిందని. ఆ వాక్యమే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

హెదర్ పూలను మీరెప్పుడైనా వాసన చూశారా? స్కాట్లండ్ కొండల మీద పూసే ఆ పొద పేరు అక్కడి రచయిత రాస్తే అది అతని పెరటి మాట. మనం రాస్తే ఎరువు సొమ్ము. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు నగల గురించి అన్నది వాక్యాలకూ వర్తిస్తుంది. మీ నాలుక, మీ ముక్కు ఇంగ్లీషు నేర్చుకోక ముందు ఏయే రుచులను, ఏయే వాసనలను గుర్తుపట్టాయో ఆ మాటలతోనే రాయాలని నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఈ విషయంలో నేను రాజీపడను.

మీరు ‘మెడిసినల్’ అని రాసి వదిలేసిన వాసన ఏమిటో చూడండి. ఐలా దీవిలో మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ కాలుస్తారు. పీట్ అంటే బురద నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గట్టిపడిన నాచు, గడ్డి. ఆ పొగలోని ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ అనే రసాయనాలు గింజ పొట్టును పట్టుకుని, బట్టీలో కాచి ఆవిరిని చల్లార్చిన తరువాత కూడా ద్రవంలో నిలిచిపోతాయి. మన ప్రభుత్వ ఆసుపత్రుల వరండాలు కడిగే నల్ల ఫినాయిల్‌లో ఉన్నది కూడా ఈ కుటుంబానికి చెందిన పదార్థమే. కనుక ‘ఫినాయిల్‌తో అప్పుడే తుడిచిన ఆసుపత్రి వరండా’ అని మీరు రాసి ఉంటే అది పోలిక మాత్రమే కాక రసాయనికంగా కూడా నిజమయ్యేది. చదివేవాడి ముక్కుకు ఆ వాసన తగిలేది.

ఇక ‘డ్రై’, గుటక దిగాక నోరు పొడిబారినట్టు ఉండడానికి మీరు వాడిన మాట. ఈ మాట దగ్గర నాకు కోపం వచ్చింది, దానికి పాత కారణం ఉంది. 1980లలో నల్లగొండ వైపు తాటివనాల్లో తిరిగి కల్లు మీద ఒక వ్యాసం రాశాను. తెల్లవారుజామున దించిన కల్లు తీపి ఎండెక్కేకొద్దీ ఎట్లా పులుపుకు తిరుగుతుందో, గుటక దిగాక నాలుక అంచున వగరు ఎట్లా మిగులుతుందో ఒక గీత కార్మికుని పక్కన కూర్చుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గంటగంటకూ రుచి చూసి రాసుకున్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ రుచి భాగమంతా కొట్టేసి, ‘వగరు’ను ‘చేదు’గా మార్చి, చివర తాగుడు మంచిది కాదని తన సొంత వాక్యం చేర్చి అచ్చువేశాడు. తాగుడు గురించి ఆయన చెప్పినది తప్పని నేననను. కానీ వగరు చేదు కాదు. ఆరు రుచులలో దానికి వేరే చోటు ఉంది. నేరేడు పండు తిన్నాక, పచ్చి వక్క నమిలాక నాలుక బిగుసుకునే ఆ అనుభవానికి మన ఇళ్లలో పసిపిల్లలు కూడా వాడే మాట అది. విస్కీని ఏళ్ల తరబడి నిలవ ఉంచే ఓక్ పీపా చెక్కలోని టానిన్లనే పదార్థాలు చేసే పని సరిగ్గా ఇదే. లాగవూలిన్ వారు దీనికి ఇదివరకే వాడిన అమెరికన్ ఓక్ పీపాలు వాడారు గనుక ఆ వగరు స్వల్పంగానే ఉంటుంది. అంత స్వల్పమైన దాన్ని మీ నాలుక పట్టుకుంది, అందుకు మెచ్చుకుంటున్నాను. పట్టుకున్నదానికి చేతిలోనే ఉన్న పేరు వదిలి పరాయి పేరు పెట్టారు.

నీళ్ల సంగతి మీరు ఒక్క ముక్కలో ముగించారు. 56 శాతం దాటిన ఆల్కహాల్ గల ద్రవంలో నాలుగు చుక్కలు నీళ్లు పడితే ఏమి జరుగుతుందో నిలబడి చూడవలసింది. పలుచన చేసిన విస్కీలో గ్వాయకాల్ ద్రవం పైపొరకు చేరుతుందని 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపారు. అంటే నీళ్లు పోసినప్పుడు పొగ వాసన పైకి లేస్తుంది. గుప్పుమనడం, కమ్ముకోవడం, జివ్వుమనడం, అణగడం, ఇన్ని క్రియలు మనకు ఉండగా మీరు నామవాచకాల పట్టీ రాశారు, అది కిరాణా చీటీలాగా ఉంది.

వ్యాసం చివర విస్కీకి మార్కులు వేయాలా అని అడిగారు. వద్దు.

మళ్లీ ఆ బ్యారన్ దగ్గరికి వస్తాను. బ్యారన్‌లో పొగ గొట్టాల గుండా పోతుంది, ఆకును వేడి మాత్రమే తాకుతుంది. ఐలాలో పొగ గింజల మధ్యనుంచే సాగుతుంది. అయినా మీ ముక్కు పొరబడలేదనే నమ్ముతున్నాను. రాత్రంతా ఆల్కహాల్ ఆవిరైపోతే, త్వరగా ఎగిరిపోని బరువైన పొగ పదార్థాలు గ్లాసు గోడలకు మిగులుతాయి. ఘాటు అడ్డు లేకుండా వాటిని చూసేది అప్పుడే. తలుపు తీసిన ఆ క్షణంలో ఇంకా ఏమేమి ఉన్నాయి? మగ్గిన ఆకు తీపి ఉందా, పొయ్యిలో కాలిన కట్టె ఏది, మీ తాతగారి తలపాగాకు ఆ వాసన ఎన్నాళ్లు ఉండేది? ఇవేవీ మీరు రాయలేదు.

సీసాలో ఇంకా మూడు వంతులు మిగిలి ఉందని చెప్పారు. ఒక రాత్రి కొద్దిగా పోసుకుని, గ్లాసు కడగకుండా ఉంచి, పొద్దున లేవగానే కాగితం ముందు కూర్చోండి. కుండలీకరణాలు తీసేసి, ఆ వాక్యాన్నే మొదటి వాక్యం చేసి, వ్యాసాన్ని అక్కడినుంచి వెనక్కి రాసి నాకు పంపండి.

ఆశీస్సులతో.