కంపెనీలు పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చిన ఎలక్టోరల్ బాండ్లు రద్దయ్యాయి కదా, ఇక ఎన్నికల్లో కంపెనీల డబ్బు ఆగుతుందా?

ఆగదు. డబ్బు ఎటునుంచి వస్తుందనే అందరూ చూస్తున్నారు, ఖర్చయ్యే చోట ఉన్న లొసుగును పట్టించుకునేవాళ్లు లేరు.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఖర్చుల రిజిస్టరు నేనే రాశాను. పరిమితి 40 లక్షలు. టీకి, షామియానాకి, కుర్చీకి, దేనికెంత రాయాలో జిల్లా అధికారులే రేట్ల చార్టు ఇస్తారు. మీటింగ్ పెడితే వీడియో బృందం వచ్చి మొత్తం తీసుకుపోతుంది. తనిఖీ రోజు మేం రాసిన కుర్చీలకీ వాళ్ల వీడియోలో ఉన్నవాటికీ లెక్క కుదరలేదు. "వెనక వరసలు పక్కనున్న ఫంక్షన్ హాలువి సార్" అన్నాను. "వాటి మీద కూర్చుంది మీ కండువాలేగా" అన్నారు తనిఖీ అధికారి. వీడియో ఆపి ఆపి, తెర మీద వేలు పెట్టి ఒక్కో వరసా లెక్కపెట్టించారు. తేడా మొత్తం మా ఖాతాలోనే పడింది. ఆయన్ని తప్పుపట్టను, నిక్కచ్చి మనిషి.

అదే వారం మా నియోజకవర్గంలో ఒక పెద్ద పార్టీ నాయకుడు హెలికాప్టర్‌లో దిగాడు. దాని అద్దె ఏ అభ్యర్థి రిజిస్టర్లోకీ ఎక్కదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం స్టార్ క్యాంపెయినర్, అంటే ప్రచారానికి పార్టీ పేరిచ్చిన పెద్ద నాయకుడి ప్రయాణం పార్టీ ఖర్చు. పార్టీ ఖర్చుకి పరిమితే లేదు! కంపెనీల కోట్లు చేరేది అక్కడికే. అభ్యర్థి కోసం పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి ఆ తీర్పును పనికిరాకుండా చేశారు.

ఈ మాటెత్తగానే "ఓటుకు డబ్బు తీసుకునే జనానిదే తప్పు" అంటూ మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఐదొందలు తీసుకున్న కూలీ మనిషి ఎవరికీ కాంట్రాక్టులు ఇప్పించలేదు. బాండ్లు కొన్న కంపెనీల్లో రెండో స్థానం మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు విరాళం ఇవ్వకూడదన్న నిబంధనను 2017లో ఎత్తేశారు. 2024 ఫిబ్రవరి 15న బాండ్లతో పాటు ఆ సవరణనూ కోర్టు కొట్టేసింది. మంచిదే. కానీ కంపెనీల విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల దారి ఎలాగూ ఉంది. అక్కడ పేర్లు బయటికొస్తాయి, ఖర్చు మాత్రం తగ్గదు. సీటుకి ఇంతకు మించి పార్టీ ఖర్చు పెట్టకూడదని బిల్లు తెచ్చే పార్టీ ఏదైనా సరే, నా ఓటు దానికే.